నైట్రో ఆర్‌సీ కారులో క్లచ్ ఎక్కడ పట్టాలి, ఎంతసేపు జారాలి: హైదరాబాద్ ఎండలో మారే లెక్క

సంక్షిప్తంగా

నైట్రో కారులో, అంటే మెథనాల్ ఇంధనంతో చిన్న ఇంజన్ మీద నడిచే రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) కారులో, క్లచ్ జారడం లోపం కాదు, దాని పనే అది. ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర పట్టడం మొదలవుతోంది, ఎంత వేగం వచ్చేదాకా జారుతోంది అన్నవే చూడాల్సిన రెండు సంగతులు. పట్టు ఆలస్యమయ్యే కొద్దీ వేడి వర్గం లెక్కన పెరుగుతుంది. ఎత్తు, ఎండ కలిసి ఇంజన్ బలాన్ని తగ్గించే హైదరాబాద్‌లో, బండి మూలుగుతోందని వెంటనే గట్టి స్ప్రింగులు వేసే కంటే ముందు లో నీడిల్ (తక్కువ వేగంలో ఇంధనం పాలు సర్దే స్క్రూ) సరిచూసి, తర్వాత క్లచ్ బెల్‌లో (క్లచ్‌ను మూతలా కప్పే పళ్ల గిన్నెలో) ఒక పన్ను తగ్గించడం మేలు.

ఒకే సలహా, మూడు వేర్వేరు జబ్బులు

రిమోట్ మీది ట్రిగర్ నొక్కితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం బద్ధకంగా కదులుతుంది. ఇంకో బండి ట్రిగర్ ముట్టుకోగానే మూలిగి ఆగిపోతుంది. మూడోది ఏమీ నొక్కకపోయినా తనంతట తానే ముందుకు పాకుతుంది. మూడింటికీ గ్రౌండ్‌లో వినిపించే సలహా ఒకటే: క్లచ్ స్ప్రింగులు మార్చు. ఎండాకాలం వచ్చిందంటే ఈ మాట మరీ ఎక్కువ. ఒక్కోసారి అది సరైన సలహానే. చాలాసార్లు మాత్రం స్ప్రింగ్ మార్చడం వల్ల అసలు తప్పు దాక్కుంటుంది. వారం తిరిగేసరికి బెల్ నీలంగా మారి, బేరింగ్ పట్టేసి, కొత్త ఖర్చు ముందుకొస్తుంది.

ఎవరి మాట నిజమో తేలాలంటే బెల్ లోపల ఏం జరుగుతోందో అంకెలతో సహా చూడాలి.

బెల్ లోపల ఏముంది

గేర్లు మార్చే పని లేని స్కూటర్ వెనక చక్రం దగ్గర, టీవీఎస్ ఎక్స్‌ఎల్ లాంటి మోపెడ్‌లో ఉండే సెంట్రిఫ్యూగల్ క్లచ్ సూత్రమే ఇక్కడా. 1/8 స్కేల్ బగ్గీలో (అసలు బండిలో ఎనిమిదో వంతు సైజులో, మట్టి మీద నడిచే రకంలో) ఉండేది 3.5 సీసీ ఇంజన్. దాన్నే ఘనపు అంగుళాల లెక్కన '.21' అంటారు. దాని క్రాంక్‌షాఫ్ట్ మీద ఇత్తడి కోన్, కోన్ మీద ఫ్లైవీల్, ఫ్లైవీల్‌కు మూడు పిన్నులు, పిన్నుకొక షూ (బెల్‌ను రాసుకుని పట్టే ముక్క), షూకొక స్ప్రింగ్. స్ప్రింగ్ చుట్ట పిన్ను మీద కూర్చుంటుంది. దాని ఒక కాలు షూ గాడిలోకి, రెండోది మధ్యలో ఉన్న క్లచ్ నట్ మీదికి వస్తుంది. వీటన్నిటి మీద మూతలా క్లచ్ బెల్ ఉంటుంది. బెల్ రెండు చిన్న బేరింగుల మీద స్వేచ్ఛగా తిరుగుతుంది, దాని పళ్లు చక్రాలకు శక్తి పంపే స్పర్ గేర్‌ను తిప్పుతాయి.

ఐడిల్‌లో, అంటే ట్రిగర్ నొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, షూలు లోపలికి ముడుచుకుని ఉంటాయి. వేగం పెరిగితే బయటికి విచ్చుకుని బెల్ లోపలి గోడను పట్టుకుంటాయి. స్కూటర్‌కూ దీనికీ సూత్రంలో తేడా లేదు, తేడా అంతా వేగంలోనే ఉంది. స్కూటర్ ఇంజన్ కొన్ని వేల ఆర్‌పీఎంతో పని కానిస్తుంది. ఈ చిన్న ఇంజన్ 30,000 దాటి తిరుగుతుంది. షూను బయటికి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఇక్కడ స్ప్రింగ్‌లో గీత మందం తేడా వచ్చినా ఫలితం వేల ఆర్‌పీఎంలలో కనిపిస్తుంది.

పట్టు లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. షూ బరువు 3 గ్రాములు, దాని బరువు కేంద్రం ఇరుసు నుంచి 11 మి.మీ. దూరంలో ఉందనుకుందాం. 10,000 ఆర్‌పీఎం దగ్గర ఆ షూను బయటికి లాగే బలం సుమారు 36 న్యూటన్లు. 20,000 దగ్గర అదే బలం నాలుగింతలై 145 న్యూటన్లు అవుతుంది. మూడు గ్రాముల ముక్క మీద పదిహేను కిలోల బరువు వేలాడినంత అన్నమాట.

స్ప్రింగ్ సరిగ్గా 36 న్యూటన్లతో ఆపుతోందనుకుంటే షూ 10,000 దగ్గర బెల్‌ను తాకుతుంది. తాకగానే బండి దూకదు. 36కు పైన వచ్చే మిగులు బలమే బెల్‌ను నొక్కుతుంది. మూడు షూలు, ఘర్షణ గుణకం 0.3, బెల్ లోపలి వ్యాసార్థం 15 మి.మీ. అనుకుంటే, గట్టి స్టార్ట్‌కు కావాల్సిన 0.2 న్యూటన్ మీటర్ల టార్క్ దాదాపు 12,000 దగ్గర దొరుకుతుంది. ఇంజన్ పూర్తి టార్క్ 0.5 న్యూటన్ మీటర్లను జారకుండా మోయగలగడం 14,000 దాటాకే.

అంటే 'క్లచ్ పట్టే ఆర్‌పీఎం' అని ఒకే అంకె లేదు. 10,000 దగ్గర ముట్టుకోవడం, 12,000 దగ్గర బండిని లాగడం, 14,000 దగ్గర పూర్తిగా బిగుసుకోవడం, ఇలా అదొక మెట్ల వరుస. వదులు మట్టి మీదైతే రెండో మెట్టు దగ్గరే టైరు జారిపోతుంది కాబట్టి మూడో మెట్టుతో పనే పడదు. పట్టున్న సిమెంట్ నేల మీద మూడు మెట్లూ అనుభవంలోకి వస్తాయి. ఒక గ్రౌండ్‌లో బాగున్న క్లచ్ ఇంకో గ్రౌండ్‌లో మొరాయించడానికి కారణం ఇదే.

స్ప్రింగ్ తీగ మందం 0.9, 1.0, 1.1 మి.మీ. రకాల్లో దొరుకుతుంది. చూపుకు తేడా తెలియదు, కానీ తీగ బిగువు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అదే ఆకారం, అదే వంపు ఉంటే 1.0 కంటే 1.1 దాదాపు 46 శాతం గట్టిది, 0.9 మూడో వంతు మెత్తన. వేగంలోకి మారిస్తే 10,000 దగ్గర తాకే షూ 1.1 వేస్తే 12,100 దగ్గర, 0.9 వేస్తే 8,100 దగ్గర తాకుతుంది.

జారిన ప్రతిసారీ పుట్టే వేడి

క్లచ్ చర్చల్లో అందరూ వదిలేసేది ఈ భాగమే. ఇంజన్ ఒకే వేగంతో తిరుగుతుండగా క్లచ్ జారుతూ బండిని నిలుచున్న చోటి నుంచి ఆ వేగానికి తెచ్చిందంటే, బండి ఎంత గతిశక్తి సంపాదించిందో దాదాపు అంతే శక్తి బెల్‌లో వేడిగా మారుతుంది. షూలు మంచివా, ఖరీదైనవా అన్నదానితో ఈ లెక్కకు సంబంధం లేదు. అది తప్పించుకోలేని పన్ను.

3.5 కిలోల బగ్గీ, ఇంజన్ నుంచి చక్రానికి మొత్తం నిష్పత్తి 12, టైరు వ్యాసం 112 మి.మీ. అనుకుందాం. 12,000 ఆర్‌పీఎం దగ్గర జారుడు ఆగేసరికి బండి వేగం గంటకు 21 కి.మీ., పుట్టిన వేడి సుమారు 60 జౌల్స్. అదంతా 25 గ్రాముల ఉక్కు బెల్‌కే చేరితే ఒక్క స్టార్ట్‌కు 5 డిగ్రీలు ఎక్కుతుంది. ఇంతవరకు ఫర్వాలేదు.

మూడు స్ప్రింగులూ 1.1కు మారిస్తే అదే స్టార్ట్ 13,700 దగ్గర జరుగుతుంది. వేడి 60 నుంచి 80 జౌల్స్‌కు, అంటే మూడో వంతు పెరుగుతుంది. పైగా ఇప్పుడు గంటకు 24 కి.మీ. లోపు తిరిగే ప్రతి మలుపులోనూ క్లచ్ మళ్లీ విడిపోయి మళ్లీ జారుతుంది. కాలనీ గ్రౌండ్లలో, సెలవు రోజు ఖాళీగా ఉండే పార్కింగ్ స్థలాల్లో బండి ఎక్కువసేపు ఆ వేగం లోపలే ఉంటుంది. పొడవైన స్ట్రెయిట్ ఉన్న ట్రాక్‌లో బెల్‌కు చల్లారే సమయం దొరుకుతుంది. చిన్న స్థలంలో ఎనిమిది అంకె చుట్టినట్టు తిరిగే బండికి ఆ సమయం లేదు. చిన్న గ్రౌండ్లలో నడిచే క్లచ్‌లు త్వరగా పోవడానికి నడిపేవారి చేతివాటం కంటే ఈ లెక్కే పెద్ద కారణం.

హైదరాబాద్ గాలి చేసే పని

నగరం సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు వల్లే గాలి ఒత్తిడి ఆరు శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో గాలి ఇంకా పలచబడుతుంది. 15 డిగ్రీల సముద్రతీర గాలితో పోలిస్తే సాంద్రత దాదాపు 14 శాతం తక్కువ. ఇదే నగరంలో జనవరి ఉదయం 16 డిగ్రీల గాలితో పోల్చినా 8 శాతం తక్కువే. ఇంజన్ పీల్చే గాలి ఎంత తగ్గితే టార్క్ ఇంచుమించు అంత తగ్గుతుంది.

క్లచ్‌కు మాత్రం గాలితో పని లేదు. దాని బలం షూ బరువు, వేగం, స్ప్రింగ్ మీదే ఉంటుంది. అందువల్ల మేలో ఇంజన్ బలహీనపడుతుంది, క్లచ్ బలం మారదు. ఫలితంగా జనవరిలో మెత్తగా ఉన్న పట్టు మేలో మొరటుగా, ఇంజన్ గొంతు నొక్కేసినట్టుగా అనిపిస్తుంది. దీనికి తోడు గాలి తగ్గినా నీడిళ్లు పాత చోటే ఉంటే ఇంధనం పాలు ఎక్కువై మిశ్రమం రిచ్ అవుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో రిచ్‌గా ఉన్న ఇంజన్ ట్రిగర్ నొక్కగానే పొగ కక్కుతూ మూలుగుతుంది. చూసేవారికి ఇది క్లచ్ తొందరగా పట్టినట్టే కనిపిస్తుంది. మూలుగుడు ఒకటే, కారణాలు రెండు.

ఈ రెండూ విడదీయకుండా గట్టి స్ప్రింగులు వేస్తే మూలుగుడు తగ్గుతుంది, నిజమే. కానీ అసలే 40 డిగ్రీల ఎండలో, ఎర్రమట్టి దుమ్ములో నడిచే బెల్ మీద మూడో వంతు అదనపు వేడి పడుతుంది. దానికి బదులు 13 పళ్ల బెల్ తీసి 12 పళ్లది వేసి చూడండి. బండి బరువు ఇంజన్‌కు తేలికగా అనిపిస్తుంది. జారుడు 19 కి.మీ. దగ్గరే ముగుస్తుంది, వేడి 60 నుంచి 51 జౌల్స్‌కు దిగుతుంది. పోయేది గరిష్ఠ వేగంలో ఎనిమిది శాతం. చిన్న గ్రౌండ్‌లో ఆ ఎనిమిది శాతం ఎలాగూ వాడకంలోకి రాదు. హైదరాబాద్ ఎండాకాలానికి, నీడిల్ సరిచూశాక చేసే మొదటి మార్పు ఇదే కావాలి. స్ప్రింగ్ వంతు తర్వాత. పళ్లు మార్చినప్పుడు మెష్ (గేర్ పళ్ల మధ్య ఖాళీ) మళ్లీ సర్దాలని మర్చిపోకూడదు. బెల్‌కూ స్పర్ గేర్‌కూ మధ్య నోటుబుక్ కాగితం ముక్క పెట్టి బిగించి, చక్రం తిప్పి కాగితం బయటికి తీస్తే మడతలు పడాలి గానీ చిరగకూడదు. మెష్ బిగుతుగా ఉంటే ఆ ఒత్తిడంతా బెల్ బేరింగ్ మీదే పడుతుంది.

ముందు ఇంజన్, ఆ తర్వాతే క్లచ్

క్రమం తప్పితే ఎన్ని స్ప్రింగులు మార్చినా ఫలితం ఉండదు. ఇంజన్‌ను ఒక ట్యాంకు సగం దాకా నడిపి పూర్తిగా వేడెక్కించాలి. హై నీడిల్ (ఎక్కువ వేగంలో ఇంధనం పాలు సర్దేది) మొదట, లో నీడిల్ తర్వాత, ఐడిల్ స్క్రూ చివర. లో నీడిల్ పరీక్షకు ఐడిల్‌లో కార్బురేటర్ దగ్గర ఇంధనం పైపును వేళ్లతో నొక్కి పట్టాలి. మూడు నాలుగు సెకన్లు నడిచి, శ్రుతి కాస్త పెరిగి, ఆగిపోతే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. వెంటనే ఎగిసి ఆగితే లీన్ (ఇంధనం పాలు తక్కువ), చాలాసేపు అలాగే నడిస్తే రిచ్. నీడిల్‌ను ఒక్కసారికి గడియారంలో పెద్ద ముల్లు ఐదు నిమిషాల్లో కదిలినంత, అంటే చుట్టులో పన్నెండో వంతు మాత్రమే తిప్పాలి. ఎండాకాలం కదా అని లీన్ వైపు ఉదారంగా తిప్పేస్తే పిస్టన్, స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) పోతాయి. ఇంధనంలోని నూనే ఈ ఇంజన్‌కు కందెన. ఇంధనం తగ్గితే నూనె కూడా తగ్గినట్టే.

ఐడిల్ మరీ ఎక్కువగా ఉంటే ఏ స్ప్రింగ్ వేసినా బండి పాకుతుంది. పాకే బండిని బ్రేకుతో పట్టి ఉంచడం చాలామందికి అలవాటు. ఆ నిలబడ్డ ప్రతి నిమిషం షూలు బెల్‌ను రాసుకుంటూ దాన్ని కాలుస్తూనే ఉంటాయి.

మెథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. ఈ సర్దుబాట్లన్నీ గాలి ఆడే చోటే చేయాలి, దగ్గర్లో సిగరెట్ కూడా ఉండకూడదు.

షూ మార్చితే ఏం మారుతుంది

అల్యూమినియం షూలు గట్టిగా, స్పష్టంగా పట్టుకుంటాయి. వేడిని తట్టుకుంటాయి, మన్నిక ఎక్కువ. కాంపోజిట్ షూలు మెత్తగా పడతాయి, వదులు మట్టి మీద చక్రం అక్కడే తిరిగిపోకుండా బండి నెమ్మదిగా అందుకుంటుంది. అరుగుదల మాత్రం ఎక్కువ, బాగా వేడెక్కితే పైపొర అద్దంలా నున్నబడి పట్టు పోతుంది. నాలుగు షూల క్లచ్‌లో రెండు అల్యూమినియం, రెండు కాంపోజిట్ ఎదురెదురుగా వేసి మధ్యస్థంగా తెచ్చుకోవచ్చు. ఎదురెదురుగా అన్నది ముఖ్యం. పక్కపక్కన వేస్తే బరువు ఒకవైపు తూగి క్రాంక్ బేరింగ్ దెబ్బతింటుంది.

దిశ సంగతి దీనికంటే ఆసక్తికరం. షూ ఒక చివర పిన్నుకు తగిలి ఉంటుంది, రెండో చివర స్వేచ్ఛగా ఉంటుంది. తిరిగే దిశలో స్వేచ్ఛగా ఉన్న చివర ముందు, పిన్ను వెనక ఉంటే, బెల్ రాపిడి షూను ఇంకా బయటికి తోస్తుంది. పట్టు తన్ను తాను బలపరుచుకుంటుంది. దీన్ని లీడింగ్ అంటారు. పిన్ను ముందుండి షూ వెనకాల ఈడ్చుకుపోతున్నట్టు ఉంటే రాపిడి షూను లోపలికి నెడుతుంది. పట్టు మెత్తన, జారుడు ఎక్కువ. ఇది ట్రెయిలింగ్. డ్రమ్ బ్రేకులు విప్పి చూసిన ఏ మెకానిక్‌కైనా ఇది తెలిసిన విషయమే. ఒకే స్ప్రింగ్, ఒకే షూ ఉన్నా దిశ తిప్పితే క్లచ్ స్వభావం మారిపోతుంది. విప్పి బిగించేటప్పుడు పొరపాటున ఒక షూ తిరగబడితే 'నిన్నటిదాకా బాగానే ఉంది, శుభ్రం చేశాక పాడైంది' అన్న ఫిర్యాదు పుడుతుంది. విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

స్ప్రింగులు కలిపి వేయడమూ ఒక పద్ధతే. రెండు 1.0, ఒక 1.1 వేస్తే రెండు షూలు ముందు పడతాయి, మూడోది ఆలస్యంగా చేరుతుంది. పట్టు రెండు అంచెల్లో వస్తుంది. పట్టున్న నేలకు ఇది మంచి ఉపాయం.

విప్పి చూస్తే షూ చెప్పే సంగతులు

బెల్ స్క్రూ విప్పి, వాషర్, షిమ్ములు (ఖాళీ సర్దే పలచటి రింగులు) వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చుకోవాలి. బయటి వైపు ఎన్ని, లోపలి వైపు ఎన్ని అన్నది మారకూడదు. ఫ్లైవీల్ విప్పాల్సి వస్తే దాన్ని పట్టుకునే సాధనం వాడాలి. ఎగ్జాస్ట్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూర్చి పిస్టన్‌ను ఆపడం స్లీవ్‌కు చావు.

కొత్త షూ ముఖం మొదట్లో కొద్ది చోటే తాకుతుంది. అందుకే మొదటి ట్యాంకు మెత్తగా నడపాలి. ఆ తర్వాత ముఖంలో మూడింట రెండు వంతులు ఒకే తీరుగా మెరుస్తుంటే అది ఆరోగ్యం. ఒక మూల మాత్రమే మెరుస్తుంటే పిన్ను వంగింది, లేదా బెల్ ఊగుతోంది. ముఖం మీద నల్లటి జిగురు ఉంటే అది నూనె. ఇంజన్ ముందు బేరింగ్ నుంచి కారిన ఆముదం నూనె, మన మొరం దుమ్ము కలిసి సానరాయి ముద్దలా తయారవుతాయి. ఆ ముద్ద షూను జార్చుతుంది, బెల్‌ను అరగదీస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బెల్ లోపలి గోడను 240 నంబరు ఎమరీ కాగితంతో అడ్డగీతలు పడేలా రుద్దితే పట్టు తిరిగి వస్తుంది. కానీ కారడం ఆపకపోతే రెండు ట్యాంకుల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

బెల్ లోపల గోరు పెట్టి అంచు వైపు లాగి చూడాలి. గోరు ఒక మెట్టుకు తగిలి ఆగితే బెల్ గాడి పడింది. అలాంటి బెల్‌లో కొత్త షూలు వేస్తే మొదటి రోజే పాడవుతాయి, రెండూ కలిపి మార్చాల్సిందే.

షూ అరిగే కొద్దీ ఒక విచిత్రం జరుగుతుంది. బెల్‌ను చేరడానికి షూ ఎక్కువ దూరం విచ్చుకోవాలి, స్ప్రింగ్ ఎక్కువ వంగాలి. పైగా షూ బరువూ తగ్గింది. అందువల్ల ఎవరూ ఏమీ మార్చకపోయినా పట్టు నెలనెలా ఆలస్యమవుతూ పోతుంది. స్ప్రింగ్ బాగా కాలి పదును పోతే దీనికి సరిగ్గా వ్యతిరేకం: బిగువు తగ్గి ముందే పడుతుంది, ఐడిల్‌లోనే రాసుకుంటుంది. స్ప్రింగ్ మీద నీలం, గోధుమ రంగు ఛాయలు కనిపిస్తే మూడూ ఒకేసారి మార్చాలి. ఒక్కటే మార్చితే మూడు షూలు మూడు దారులు పడతాయి.

ఇక బేరింగులు. 1/8 బగ్గీల్లో ఎక్కువగా వాడేది లోపలి వ్యాసం 5, బయటి వ్యాసం 10, మందం 4 మి.మీ. బేరింగ్. రాణిగంజ్ బేరింగ్ దుకాణాల్లో ఎంఆర్ 105 జెడ్‌జెడ్ అని అడగాలి. జెడ్‌జెడ్ అంటే రెండు పక్కలా ఇనుప మూతలు. రబ్బరు మూతలవి ఈ వేడికి పాడవుతాయి. పాత బేరింగ్ పట్టుకెళ్లి కొలిపించుకోవడం ఉత్తమం, కొన్ని బండ్లలో కొలతలు వేరు. ప్రతి రోజు నడక తర్వాత బెల్‌ను వేలితో తిప్పి చూడాలి. గరగరలాడితే అప్పుడే మార్చాలి. నూనె వేస్తే ఒక్క చుక్క, అదీ తుడిచేసి. మిగిలింది షూల మీదికే చిమ్ముతుంది. బిగించాక బెల్‌ను ముందుకు వెనక్కు లాగితే 0.2 నుంచి 0.3 మి.మీ. కదలిక ఉండాలి. అసలు కదలకపోతే బేరింగ్ కాలిపోతుంది, ఎక్కువైతే బెల్ ఫ్లైవీల్‌ను రాసుకుంటుంది. బెల్ స్క్రూకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు.

లక్షణాన్ని బట్టి కారణం

ఐడిల్‌లో పాకే బండికి మొదట ఐడిల్ తగ్గించాలి. తగ్గించినా పాకితే ఇంజన్ ఆపి బెల్‌ను చేత్తో తిప్పాలి. భారంగా తిరిగితే బేరింగ్, తేలికగా తిరిగితే విరిగిన లేదా గాడి తప్పిన స్ప్రింగ్.

చల్లగా ఉన్నప్పుడు బాగా గుంజి, ఐదు నిమిషాల తర్వాత జారడం మొదలైతే అది వేడి. ఉపాయం పళ్ల సంఖ్యలో, నడిపే చోటులో ఉంది గానీ ఇంకా గట్టి స్ప్రింగ్‌లో లేదు. ట్రిగర్ నొక్కగానే బండి ఎగిరిపడినట్టు దూకి చక్రాలు గిర్రున తిరిగితే పట్టు ఆలస్యంగా, ఒక్కసారిగా వస్తోంది. మెత్తటి స్ప్రింగ్ లేదా కాంపోజిట్ షూ కావాలి.

ఇంజన్ అరుస్తూ బండి అసలు కదలకపోతే క్లచ్‌నే నిందించకూడదు. ఇత్తడి కోన్ మీద నూనె ఉండి ఫ్లైవీల్ క్రాంక్ మీదే జారుతున్నా సరిగ్గా ఇలాగే ఉంటుంది. స్టార్టర్ బాక్స్ (ఫ్లైవీల్‌ను తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసే పెట్టె) మీద పెడితే ఫ్లైవీల్ తిరుగుతుంది, ఇంజన్ మాత్రం తిరగదు. అదే గుర్తు. కోన్‌ను, క్రాంక్‌ను పూర్తిగా ఆరబెట్టి, నూనె లేకుండా తుడిచి బిగిస్తే సరిపోతుంది. రిమ్ము నుంచి జిగురు ఊడిన టైరు, మధ్య డిఫరెన్షియల్‌లో (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టెలో) పలచటి నూనె కూడా జారుడులాగే కనిపించి మోసం చేస్తాయి. రిమ్ము మీద, టైరు మీద కలిపి ఒక సున్నం గీత గీసి రెండు రౌండ్లు తిప్పితే మొదటిది తేలిపోతుంది.

చెవితో కాదు, ఫోన్‌తో కొలవవచ్చు

టూ స్ట్రోక్ ఇంజన్ ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది. ఒకే సిలిండర్ కాబట్టి శబ్దపు మూల పౌనఃపున్యాన్ని 60తో గుణిస్తే ఆర్‌పీఎం వస్తుంది. 200 హెర్ట్జ్ అంటే 12,000. 233 అంటే సుమారు 14,000. ఫోన్‌లో శబ్దాన్ని గీతలుగా చూపించే ఉచిత యాప్ ఏదైనా చాలు. ఒకరు బండి పక్కన ఫోన్ పట్టుకుంటే, ఇంకొకరు నిలుచున్న చోటి నుంచి పూర్తి ట్రిగర్‌తో ఐదుసార్లు స్టార్ట్ చేయాలి.

గీత ఐడిల్ నుంచి పైకి లేచి, కాసేపు చదునుగా సాగి, మళ్లీ ఎక్కుతుంది. ఆ చదునైన ముక్కే జారుడు. దాని ఎత్తు ఏ ఆర్‌పీఎం దగ్గర జారుతోందో, పొడవు ఎంతసేపు జారుతోందో చెబుతుంది. పట్టున్న నేల మీద బగ్గీకి అది అర సెకను ప్రాంతంలో ఉంటే చక్కటి సర్దుబాటు. గీత ముందు కిందికి కుంగి ఆ తర్వాత లేస్తే ఇంజన్ మూలుగుతోంది. చదును లేకుండా నేరుగా ఆకాశానికి ఎక్కితే షూ పట్టడం లేదు, లేదా చక్రం అక్కడే తిరుగుతోంది. ఐదో స్టార్ట్ గీత మొదటిదానికంటే పొడవుగా ఉంటే వేడికి పట్టు సడలుతోందన్నమాట.

ఆన్‌రోడ్ బండ్ల సెంటాక్స్

రోడ్డు మీద నడిచే 1/8, 1/10 రేసు కార్లలో వాడే సెంటాక్స్ రకం క్లచ్ వేరే దారిలో పనిచేస్తుంది. అందులో చిన్న బరువులు విచ్చుకుని శంకువు ఆకారపు షూను ఇరుసు వెంట ముందుకు నెట్టి బెల్‌కు అదుముతాయి. స్ప్రింగ్ ఒక్కటే, దాని బిగువును నట్‌తో తిప్పి పెంచవచ్చు. స్ప్రింగ్ మార్చకుండానే పావు చుట్టు చొప్పున సర్దుకునే ఈ సౌకర్యం బగ్గీలకు లేదు. బదులుగా షూకూ బెల్‌కూ మధ్య ఖాళీని షిమ్ములతో కచ్చితంగా పెట్టాలి. సాధారణంగా అది 0.7 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది. షూ అరిగితే ఆ ఖాళీ పెరిగి పట్టు ఆలస్యంగా, కుదుపుతో వస్తుంది. చాలామంది అప్పుడు నట్ వదులు చేస్తారు. నట్‌ను ముట్టుకోకుండా ఒక 0.1 మి.మీ. షిమ్ తీసి ఖాళీని పాత కొలతకు తేవడమే అక్కడ సరైన పని. పళ్ల విషయంలో మాత్రం రెండు రకాలకూ లెక్క ఒకటే. జనవరిలో తీసిన శబ్దపు గీతను దాచుకుని, మేలో అదే నేల మీద మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. చదును ముక్క ఎత్తు మారకుండా దానికి ముందు గీత కుంగుతుంటే, షూలో, స్ప్రింగ్‌లో తప్పేమీ లేదు. లో నీడిల్‌ను పన్నెండో వంతు బిగించి, ఆ తర్వాతా కుంగితే ఒక పన్ను చిన్న బెల్ వేసుకోవాలి.